స్పానిష్ పదాల్లో గ్రీకు మూలాలు: ఇంగ్లీషు ఎంతవరకు సాయం చేస్తుంది?

విజయవాడ_టు_హ్యూస్టన్

అందరికీ నమస్కారం. నేను హ్యూస్టన్‌లో ఒక క్లినిక్‌లో నర్సుగా పని చేస్తున్నాను. వచ్చే పేషెంట్లలో చాలామంది స్పానిష్ తప్ప ఇంకోటి మాట్లాడరు. ఇంటర్‌ప్రెటర్ లైన్ కలిసేదాకా వాళ్ల ముఖాల్లో టెన్షన్ చూస్తూ నిలబడటం నా వల్ల కావడం లేదు. అందుకే స్పానిష్ మొదలుపెట్టాను.

నర్సింగ్‌లో మాకు నేర్పిన పదాలు చాలావరకు గ్రీకువే. అవి స్పానిష్‌లో కూడా కనిపిస్తున్నాయి. స్టమక్‌కి ఎస్తోమాగో, సింప్టమ్‌కి సింతోమా, సర్జరీకి సిరుహీయా. ఈ గ్రీకు మూలాలు పట్టుకుని పదసంపద పెంచుకోవచ్చా? ఎవరైనా అలా నేర్చుకున్నారా?

ఇంకో సందేహం కూడా ఉంది. "ఆ"తో ముగిసే మాట స్త్రీలింగం అని, పుంలింగం మాట ముందు "ఎల్", స్త్రీలింగం మాట ముందు "లా" పెట్టాలని మొదటి పాఠంలోనే చెప్పారు. మరి ఎల్ ప్రొబ్లేమా, ఎల్ సింతోమా అని పుంలింగం ఎందుకయింది?

పదాల_పోగు

నేను హైదరాబాద్‌లో స్పానిష్ నేర్పుతాను. మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దాన్లోనే గ్రీకు గుట్టు ఉంది.

గ్రీకులో "మా"తో ముగిసే ఒక పెద్ద గుంపు ఉంది. ప్రొబ్లేమా, సిస్తేమా, థేమా, డ్రామా, పోయేమా. అవన్నీ నపుంసకలింగం. లాటిన్ వాటిని నపుంసకలింగంలోనే తీసుకుంది. స్పానిష్‌కి వచ్చేసరికి నామవాచకాల్లో నపుంసకలింగం పోయింది. అలా పోయిన పదాలు ఎక్కువగా పుంలింగంలో చేరాయి. అందుకే ఎల్ ప్రొబ్లేమా, ఎల్ సిస్తేమా, ఎల్ క్లీమా, ఎల్ ఇదియోమా (భాష), ఎల్ ప్రొగ్రామా. మీ వృత్తిలో అయితే ఎల్ ఎదేమా, ఎల్ ఎమతోమా, ఎల్ గ్లౌకోమా, ఎల్ త్రౌమా, ఎల్ దియాఫ్రాగ్మా.

గుర్తుపట్టడానికి ఒక ఉపాయం. గ్రీకులో ఈ మాటల చివర ఒక "త" దాగి ఉంటుంది. ప్రథమా విభక్తిలో కనిపించదు, విశేషణం చేసినప్పుడు బయటికి వస్తుంది. ప్రొబ్లెమాతికో, సింతొమాతికో, క్లిమాతికో, ద్రమాతికో. ఇంగ్లీషులో కూడా అంతే. ప్రాబ్లమ్ నుంచి ప్రాబ్లమాటిక్, సింప్టమ్ నుంచి సింప్టమాటిక్. ఇంగ్లీషు మాటకి "మాటిక్" చేరిస్తే అర్థవంతమైన పదం వచ్చిందంటే, స్పానిష్‌లో "ఎల్" పెట్టడానికి సాధారణంగా భయపడక్కర్లేదు. కామా అంటే మంచం. దానికి "కమాతికో" లేదు. కాబట్టి అది మామూలుగా లా కామా.

డాక్_నెల్లూరు

పదాల_పోగు గారి ఉపాయం బాగుంది. కానీ క్లినిక్‌లో ఎదురయ్యే మినహాయింపులు చెప్పకపోతే ఆమెకి ఇబ్బంది.

కఫం అనే అర్థంలో ఫ్లేమా గ్రీకు మాటే. విశేషణం ఫ్లెమాతికో. అయినా లా ఫ్లేమా అనే అంటారు. ఆస్మా కూడా స్త్రీలింగమే, కానీ "ఆ" మీద ఊనిక పడుతుంది గనక ఎల్ ఆస్మా అంటారు. పక్కన విశేషణం పెడితే అసలు రూపం తెలిసిపోతుంది: ఎల్ ఆస్మా క్రోనికా. చివర "కా" చూడండి. అన్నిటికంటే ముఖ్యం కోమా. ఎల్ కోమా అంటే స్పృహ లేని కోమా. లా కోమా అంటే వాక్యంలో పెట్టే కామా. రెండూ గ్రీకు నుంచే వచ్చాయి, కానీ వేర్వేరు మాటలు. ఒకటి గాఢనిద్ర, రెండోది కోత, అంటే వాక్యంలోంచి కోసిన ముక్క.

ఇక "సిస్"తో ముగిసేవి చాలావరకు స్త్రీలింగం: లా దోసిస్, లా క్రీసిస్. ఏకవచనం, బహువచనం ఒక్కటే. త్రేస్ దోసిస్ అంటే మూడు డోసులు. ఎల్ అనాలిసిస్ మాత్రం పుంలింగం. ఎల్ అనాలిసిస్ దె సాంగ్రే అంటే రక్తపరీక్ష, ఇది రోజూ వాడతారు.

ఒక హెచ్చరిక. ఇంగ్లీషులో అమిగ్డలా అంటే మెదడులో ఒక భాగం. స్పానిష్ పేషెంటు లాస్ అమీగ్దలాస్ అంటే టాన్సిల్స్ గురించి చెబుతున్నట్టు. అమిగ్దలీతిస్ అంటే టాన్సిలైటిస్. మూలం ఒకటే, గ్రీకులో బాదంపప్పు. రెండు అవయవాలూ బాదం ఆకారంలో ఉన్నాయని ఆ పేరు పెట్టారు. ఈ తేడా తెలియకపోతే గొంతునొప్పి కేసులో మెదడు గురించి ఆలోచిస్తాం.

మాడ్రిడ్‌లో_మనోడు

బాదం దగ్గర ఒక్క మాట కలుపుతాను. స్పానిష్ అల్మెంద్రా, ఇంగ్లీషు ఆల్మండ్, రెండూ అదే గ్రీకు మాట జనం నోళ్లలో నలిగిన రూపాలు. పండితులు పుస్తకంలోంచి తీసుకున్న రూపం అమీగ్దలా. అంటే ఒకే మాట స్పానిష్‌లోకి రెండుసార్లు వచ్చింది.

నా అనుభవంలో హాస్పిటల్ పదాలు కష్టం కాదు. ఇంగ్లీషు వచ్చిన ఎవరికైనా అవి ఇట్టే తెలుస్తాయి. వీధిలో వినపడేవే గుర్తుపట్టలేం, ఎందుకంటే రోమన్ల కాలం నుంచి వాడి వాడి అరిగిపోయాయి. ఇక్కడ రోజూ వినే వాటిలో కొన్ని చెబుతాను.

పలాబ్రా అంటే మాట. గ్రీకులో పరబొలే, పక్కపక్కన పెట్టి పోల్చడం. బైబిల్ కథలు ఆ పేరుతో లాటిన్‌లోకి వెళ్లి, కథ నుంచి మాట అనే అర్థానికి జారాయి. ఇంగ్లీషులో దీని చుట్టాలు పారబుల్, పారాబొలా, ఫ్రెంచి ద్వారా వచ్చిన పెరోల్, పార్లమెంట్. పార్లమెంట్‌కి, పలాబ్రాకి చుట్టరికం ఉందని తెలిసిన రోజు నేను ఆఫీసులో అందరికీ చెప్పి తిరిగాను.

బొదేగా అంటే సరుకు, ద్రాక్షసారా నిలవ చేసే చోటు. గ్రీకులో అపొథేకే, అంటే గిడ్డంగి. న్యూయార్క్‌లో వీధి మూల కిరాణా కొట్టుని కూడా బొదేగా అంటారు. అదే గ్రీకు మాట తర్వాతి కాలపు ఉచ్చారణతో ఇంకోసారి వచ్చి బొతీకా అయింది, అంటే మందుల కొట్టు. ఫ్రెంచివాళ్ల దగ్గర అది బుతీక్. మన ఊళ్లో చీరల బొటిక్ అంటున్నది అదే. ఇంగ్లీషులో పాతకాలపు మందుల వ్యాపారిని అపాతికరీ అనేవారు.

తీయో అంటే మామయ్య, బాబాయి. గ్రీకు థియోస్ నుంచి. ఇంగ్లీషు అంకుల్ లాటిన్‌లో ఇంకో మాట నుంచి వచ్చింది కాబట్టి ఇక్కడ ఇంగ్లీషు సాయపడదు. మాడ్రిడ్ కుర్రాళ్లు స్నేహితుణ్ని తీయో అని పిలుస్తారు, మన దగ్గర "ఏం మామా" అన్నట్టే.

నర్సు గారికి పనికొచ్చేది కదేరా. తుంటి అని అర్థం. మె దుయేలె లా కదేరా అంటే తుంటి నొప్పిగా ఉంది. ఇది గ్రీకు కథెద్రా, కూర్చునే పీట. ఇంగ్లీషు చైర్, కథీడ్రల్ రెండూ దాని సంతానమే. బిషప్ పీఠం ఉన్న చర్చి గనక కథీడ్రల్. స్పానిష్‌లో కాతెద్రా అంటే ప్రొఫెసర్ పీఠం. జనం నోట్లో పీట కాస్తా పీట మీద ఆనే శరీరభాగం అయింది.

అలాగే గోల్పే, దెబ్బ. గ్రీకులో కొలఫోస్, చెంపదెబ్బ. ఫ్రెంచిలో కూ, ఇంగ్లీషువాళ్లు ప్రభుత్వాన్ని కూలదోయడానికి వాడే మాట అదే. గోల్పే దె కలోర్ అంటే వడదెబ్బ. హ్యూస్టన్ ఎండలకి ఇది తప్పక వస్తుంది.

ప్రశ్నలపుట్ట

చాలా బాగుంది. ఇదే వరసలో నావి కూడా చేర్చండి. గ్రీకు థెయోస్ నుంచి స్పానిష్ దియోస్, దేవుడు. ముచో నుంచి ఇంగ్లీషు మచ్. దీయా, అంటే రోజు, నుంచి ఇంగ్లీషు డే. వినగానే తెలిసిపోతున్నాయి కదా.

పదాల_పోగు

ప్రశ్నలపుట్ట గారూ, ఈ మూడూ ఆ వరసలోకి రావు. వినికిడిని నమ్మితే మోసపోతాం అనడానికి ఇవే మంచి ఉదాహరణలు.

దియోస్ లాటిన్ దేవుస్ నుంచి వచ్చింది. దానికి మన "దేవ" దాయాది. గ్రీకులో దానికి వరసయ్యేది జ్యూస్ దేవుడి పేరు, థెయోస్ కాదు. థెయోస్ నుంచి స్పానిష్‌కి వచ్చినవి తెయొలొహీయా (థియాలజీ), అతేయో (నాస్తికుడు) లాంటి పుస్తకాల మాటలు. ముచో లాటిన్ ముల్తుమ్ నుంచి వచ్చింది, మల్టిప్లై అన్న ఇంగ్లీషు మాటలో ఆ "మల్టి" ఉంది. మచ్ జర్మానిక్ మాట, అంటే ఇంగ్లీషు, జర్మన్ భాషల సొంత కుటుంబానిది. దీయా లాటిన్, డే జర్మానిక్, ఒకదానికొకటి ఏమీ కావు.

చుట్టరికం తేల్చాలంటే ధ్వనులు ఒక పద్ధతిలో మారాయా అని చూడాలి. గ్రీకు నుంచి లాటిన్ మీదుగా వస్తే "థ" స్పానిష్‌లో "త" అవుతుంది: థియేటర్‌కి తెయాత్రో, మెథడ్‌కి మేతొదో. "థెయోస్" నిజంగా వచ్చి ఉంటే "ద" ఎందుకవుతుంది?

నర్సు గారి కోసం ఆ పద్ధతులు రెండు మాటల్లో. ఇంగ్లీషులో గ్రీకు స్పెల్లింగుని అలాగే ఉంచారు, స్పానిష్‌లో వినపడినట్టు రాస్తారు. ఫార్మసీలో పి-హెచ్ పోయి ఎఫ్, రిథమ్‌లో హెచ్‌లు పోయి రీత్మో. ఇది అప్పుడప్పుడు జరిగిన మార్పు కాదు, స్పానిష్ భాష నియమాలు చూసే స్పానిష్ రాయల్ అకాడమీ కావాలని చేసింది. అకాడమీ 1713లో మొదలైంది. 1741లో వాళ్లు అచ్చు వేసిన వర్ణక్రమ గ్రంథం పేరులోనే గ్రీకు పి-హెచ్, టి-హెచ్ ఉన్నాయి. 1754 ముద్రణకి వచ్చేసరికి పేరులోంచే రెండూ తీసేశారు. అకాడమీ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. స్పెల్లింగు బట్టీ పట్టే బాధ పిల్లలకి తప్పింది.

ఇంకోటి. మాట మొదట్లో "స" పక్కన హల్లు వస్తే స్పానిష్ నోరు ముందు "ఎ" చేరుస్తుంది. స్కూల్ ఎస్కువేలా, స్పాజమ్ ఎస్పాస్మో, స్ఫియర్ ఎస్ఫేరా. మన పల్లెల్లో ఇస్కూలు, ఇస్టేషను అన్నట్టే. ఇంగ్లీషు మాట తీసుకుని అలా పలికి చూడండి, చాలాసార్లు సరిపోతుంది.

డాక్_నెల్లూరు

ఉచ్చారణలో మనకి ఒక లాభం ఉంది. స్పానిష్ "త", "ద" దాదాపు మన త, ద లాంటివే. ఇంగ్లీషు ట, డ కావు. నోట్సు తెలుగు లిపిలో రాసుకోండి, అమెరికన్ సహోద్యోగుల కంటే దగ్గరగా పలుకుతారు.

ఆపరేషన్ థియేటర్‌కి వాడే మాట కూడా చెప్పాలి: కిరోఫానో. గ్రీకులో ఖేయిర్ అంటే చెయ్యి. చెయ్యి, పని కలిస్తే సర్జరీ, సిరుహీయా. చెయ్యి, చూపడం కలిపి 19వ శతాబ్ది చివర్లో స్పెయిన్‌లో కిరోఫానో తయారు చేశారు. విద్యార్థులు అద్దం వెనక నుంచి ఆపరేషన్ చూసేలా కట్టిన గది అది. ఇంగ్లీషులో ఈ మాట లేదు. ముక్కలు గ్రీకువి, అతికింది స్పెయిన్‌లో. ఇంగ్లీషు మీద మాత్రమే ఆధారపడితే ఇలాంటివి దొరకవు.

అన్నట్టు, పెద్ద వయసు పేషెంట్లు మన పుస్తకం మాటలు వాడరు. నెవుమొనీయా బదులు పుల్మొనీయా అంటారు, అది ఊపిరితిత్తికి ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చింది. దియబేతెస్ బదులు తేంగో అసూకర్, "నాకు చక్కెర ఉంది" అంటారు. మనం షుగర్ ఉంది అనడం లేదూ, అంతే. గ్రీకు వేర్లు డాక్టర్ రాసిన కాగితం చదవడానికి సరిపోతాయి. ముసలమ్మ చెప్పేది అర్థం కావాలంటే ఆమె మాటలు విడిగా నేర్చుకోవాలి.

దుబాయ్_కరీంనగర్

లాటిన్ దారే చెబుతున్నారు అందరూ. అరబ్బీ దారి సంగతి ఏంది మరి? స్పెయిన్‌లో శతాబ్దాల పాటు అరబ్బీ మాట్లాడారు. గ్రీకు విజ్ఞానం బాగ్దాద్‌లో అరబ్బీలోకి, 12వ శతాబ్దంలో తొలేదో నగరంలో అరబ్బీ నుంచి లాటిన్‌లోకి వెళ్లింది. మాటలు కూడా ఆ దారిన నడిచాయి.

గ్రీకు కిథరా అరబ్బీలో కీథారా, స్పానిష్‌లో గితార్రా. ఇంగ్లీషు గిటార్ స్పానిష్ నుంచే. సారా బట్టీలో ఆవిరి పట్టే పాత్ర గ్రీకులో అంబిక్స్, అరబ్బీలో అల్-అన్‌బీక్, స్పానిష్‌లో అలంబీకే, ఇంగ్లీషులో అలెంబిక్. ముందు "అల్" ఉంటే అరబ్బీ తలుపు గుండా వచ్చిందేమో చూడాలె.

నా జీతం దిర్హమ్‌లలో వస్తది. ఆ దిర్హమ్ గ్రీకు ద్రఖ్మా నుంచి వచ్చింది. స్పానిష్‌లో అదే మాట అదార్మే అనే పాత తూకం అయింది. ఇంగ్లీషులో అది డ్రామ్. గ్రీసులో యూరో రాకముందు నాణెం పేరు కూడా ద్రఖ్మాయే.

డాక్టర్ గారు జబ్బుల మాటలు చెప్పారు కాబట్టి ఇంకోటి. పార్శ్వపు నొప్పికి స్పానిష్‌లో మిగ్రాన్యా, హకేకా అని రెండు మాటలు. మొదటిది గ్రీకు హెమిక్రానియా, సగం పుర్రె, ఇంగ్లీషు మైగ్రేన్ అదే. రెండోది అరబ్బీ షకీకా, అది కూడా సగం అనే అర్థం నుంచే. మన పార్శ్వం కూడా ఒక పక్క అనే కదా.

పాత_పుస్తకం

నేను తెలుగు పండితుడిగా పని చేసి రిటైర్ అయ్యాను. స్పానిష్ రాదు, కానీ ఈ గ్రీకు మాటల్లో కొన్ని మన ఇంట్లోనే ఉన్నాయి. వాటిని పట్టుకుంటే అమ్మాయికి గుర్తుండటం తేలిక.

పంచాంగంలో శుక్ర హోర, గురు హోర అంటాం. గ్రీకు హోరా. సంప్రదాయ పండితులు అహోరాత్రలో మొదటి, చివరి అక్షరాలు తీసేస్తే హోరా అని వివరించారు. కానీ ఆ జ్యోతిష పరిభాష యవనుల, అంటే గ్రీకుల, దగ్గర నుంచి వచ్చిందనడానికి ఆధారాలు గట్టివి. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడే ఈ శాస్త్రంలో యవనుల పాండిత్యాన్ని గౌరవించి రాశాడు. స్పానిష్‌లో అది ఓరా, ఇంగ్లీషులో అవర్. కేంద్రం కూడా గ్రీకు కెంత్రోన్. స్పానిష్ సెంత్రో, ఇంగ్లీషు సెంటర్.

సొరంగం సంస్కృతంలో సురుంగా. దాన్ని గ్రీకు సిరింక్స్, అంటే గొట్టం, నుంచి వచ్చిందని పండితులు అంటారు. అదే గొట్టం ఇంగ్లీషులో సిరంజి, స్పానిష్‌లో హెరింగా. అమ్మాయీ, నీ చేతిలో సిరంజి, మా కొండల్లో సొరంగం ఒకే మాట.

కలం అరబ్బీ నుంచి మనకు వచ్చింది, అరబ్బీకి గ్రీకు కలమోస్, రెల్లు, నుంచి. లాటిన్‌లో కలముస్. అక్కడి నుంచి సిరాబుడ్డి అర్థం మీదుగా స్పానిష్‌లో కలమార్, సిరా చిమ్మే సముద్రజీవి.

ఎదురు దారిలో వెళ్లింది కూడా ఉంది. స్పానిష్‌లో అల్లం హెంహీబ్రే, ఇంగ్లీషులో జింజర్. రెండూ లాటిన్ మీదుగా గ్రీకు జింగిబెరిస్ నుంచి, అది పాలీ సింగివేర నుంచి. అందులో "వేర" ద్రావిడ పదం. మన వేరే అది. గ్రీకు మూలం అని వెతుక్కుంటూ వెళితే మన వేరే దొరికింది.

పలాబ్రా గురించి మాడ్రిడ్ అబ్బాయి చెప్పినదాన్లో ఒక సంగతి మిగిలింది. ర, ల చోట్లు మార్చుకున్నాయి కదా. దాన్ని మనం వర్ణవ్యత్యయం అంటాం. తమిళంలో ఉరల్, మనకి రోలు.

మాడ్రిడ్‌లో_మనోడు

మాస్టారూ, సరిగ్గా అదే. పలాబ్రా ఒక్కటే కాదు. లాటిన్ మిరాకులుమ్ ఇక్కడ మిలాగ్రో, అద్భుతం. పెరీకులుమ్ పెలీగ్రో, ప్రమాదం. రోడ్డు పనులు జరిగే ప్రతి చోటా పెలీగ్రో బోర్డు ఉంటుంది. ర, ల ఎక్కడ ఉండాలో స్పానిష్ నోరు తనే తేల్చుకుంది.

ప్రశ్నలపుట్ట

వేరు సంగతి చదివి ఆశ కలిగింది. స్పానిష్ అర్రోస్, ఇంగ్లీషు రైస్ గ్రీకు ఒరిజా నుంచి అంటారు. అది మన వరి, తమిళ అరిసి నుంచి వెళ్లిందని చాలా చోట్ల చదివాను. దీన్ని ఖాయం చేసుకోవచ్చా?

పదాల_పోగు

ఇక్కడ ఆగాలి. ఒరిజా దాకా దారి స్పష్టంగా ఉంది. స్పానిష్ అర్రోస్ అరబ్బీ అర్-రుజ్ మీదుగా, ఇంగ్లీషు రైస్ లాటిన్, ఇటాలియన్, ఫ్రెంచి మీదుగా. అందుకే ఒకే మాట అయినా స్పానిష్‌లో ముందు "అ" ఉంది, అది అరబ్బీ ఉపపదం, ఇంగ్లీషు "ది" లాంటిది. కానీ గ్రీకులకి ఆ మాట ఎవరిచ్చారన్నది తేలలేదు. తూర్పు నుంచి వచ్చిందని ఒప్పుకుంటారు. ద్రావిడం అని కొందరు, ఇరానీ భాషల ద్వారా అని కొందరు. జింజర్‌లో వేరుకున్నంత బలం ఇక్కడ లేదు. మనది కావాలన్న కోరిక ఉన్నప్పుడే ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

క్రైస్తవ మతం దారి ఎవరూ ఎత్తలేదు, త్వరగా చెప్పేస్తాను. స్పానిష్ ఒబీస్పో, ఇంగ్లీషు బిషప్ ఒకే గ్రీకు మాట, ఎపిస్కొపోస్, పైనుంచి చూసుకునేవాడు. దానధర్మానికి స్పానిష్ లిమోస్నా, ఇంగ్లీషు ఆమ్స్ కూడా అంతే. ఇగ్లేసియా, చర్చ్ మాత్రం రెండు వేర్వేరు గ్రీకు మాటల నుంచి వచ్చాయి. మొదటిది సభ, రెండోది ప్రభువుకి చెందినది.

ఇంకో అపోహ: స్పెయిన్ తీరంలో గ్రీకులు క్రీ.పూ. 6వ శతాబ్దంలో ఎంపొరియోన్ అనే రేవు కట్టారు గనక స్పానిష్‌లో గ్రీకు మాటలు అక్కడి నుంచి వచ్చాయంటారు. అలా కాదు. దాదాపు అన్నీ లాటిన్, అరబ్బీ, ఫ్రెంచి, ఇటాలియన్ ద్వారా వచ్చినవే.

విజయవాడ_టు_హ్యూస్టన్

అందరికీ చాలా థాంక్స్. మాస్టారూ, సొరంగం, సిరంజి ఇక జన్మలో మర్చిపోను. రేపటి నుంచి మాటల్ని రెండు పుస్తకాల్లో రాసుకుంటాను, డాక్టర్ రాసేవి ఒకదాన్లో, పేషెంట్లు చెప్పేవి ఒకదాన్లో.

ఇవాళ ఒక సంగతి జరిగింది. ఒక పెద్దాయన "కోలెరా, కోలెరా" అన్నారు. కలరా అనుకుని నేను వెంటనే విరేచనాల గురించి అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఇంటర్‌ప్రెటర్ వచ్చాక తెలిసింది, వెయిటింగ్‌లో చాలాసేపు కూర్చోబెట్టారని కోపంగా ఉందట. ఇదేం మాట?

డాక్_నెల్లూరు

ఎల్ కోలెరా అంటే కలరా జబ్బు. లా కోలెరా అంటే కోపం. రెండూ ఒకే గ్రీకు మాట, ఖొలెరా. పాత వైద్యంలో పసుపు పిత్తం ఎక్కువైతే కోపం వస్తుందని నమ్మారు. గ్రీకులో ఖొలే అంటే పిత్తం, కొలెస్ట్రాల్‌లో ఉన్నది అదే. మెలన్‌కొలీయా, అంటే నల్ల పిత్తం, దిగులు. ఈసారి ఎవరైనా కోలెరా అంటే ముందు ఎల్ అన్నారా లా అన్నారా వినండి. అది వినపడకపోతే "లె దుయేలె ఎల్ ఎస్తోమాగో?" అని అడగండి. కడుపు నొప్పి లేదంటే, కూర్చోబెట్టినందుకు సారీ చెప్పండి: లో సియేంతో.